నూరు మెగావాట్ల జవాబు

రామగుండం ఎన్‌టీపీసీలో 500 మెగావాట్ల యూనిట్లు ఉన్నాయి. అలాంటిదాన్ని 100 మీద నడపమంటే కుదరదు. కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 2016లో పెట్టిన కనీస లోడు 55 శాతం, అంటే 275. ఆపితే సున్నా, నడిపితే 275 నుంచి 500 దాకా. నడుమంతా ఖాళీ.

ఆప్టిమైజేషన్ చదువుకునే రోజుల్లో ఈ ఖాళీ నన్నేమీ భయపెట్టలేదు. ఖర్చు సరళరేఖలా పెరుగుతున్నప్పుడు, ఒక్క యూనిట్‌నే చూస్తే చవకైన చోటు కొసనే దొరుకుతుంది: సున్నా దగ్గరో, 500 దగ్గరో. ఖాళీ జోలికే పోదు.

చిక్కంతా డిమాండ్ వచ్చి కలిసినప్పుడే. లెక్క తేలిక కోసం మూడు 500ల యూనిట్లు, కిలోవాట్ అవర్‌కి 2, 3, 4 రూపాయలు అనుకుందాం. (స్టార్టప్ ఖర్చు వదిలేశాను, దాన్ని కలిపితే ఈ పేజీ చాలదు.) ఒక గంట పాటు 1,100 మెగావాట్లు కావాలి. ఖాళీని పట్టించుకోని లీనియర్ ప్రోగ్రామింగ్ 500, 500, 100 అంటుంది. ఖర్చు 29 లక్షలు. ఆ నూరు సరిగ్గా ఖాళీలో పడింది. సున్నాకి దించితే కరెంటు చాలదు. 275కి ఎత్తితే మిగిలిపోతుంది, కాబట్టి ఏ పాపం ఎరగని రెండో యూనిట్ 325కి దిగాలి. ఖర్చు 30.75 లక్షలు. నిబంధన ఒకరిది, కోత ఇంకొకరికి. అందుకే దేనికది విడిగా సర్దుకుంటే ఈ లెక్క తేలదు.

మూడే కాబట్టి చేత్తో అయిపోయింది. 30 యూనిట్లయితే ఆన్, ఆఫ్ కలయికలు 107 కోట్లు దాటుతాయి. ఒక్కో కలయిక లోపల మిగిలేది మామూలు లీనియర్ ప్రోగ్రామే, డాంట్జిగ్ 1947లో కనిపెట్టిన సింప్లెక్స్ చాలు. అన్నిసార్లు చేసే ఓపిక ఎవరికుంది?

1960లో ఎయిల్సా లాండ్, ఎలిసన్ డాయిగ్ చూపిన దారి నాకు అందుకే ఇష్టం. నడపడానికి పనికిరాని జవాబును వాళ్లు పారెయ్యలేదు. మన లెక్కలో 29 లక్షలు అలాంటిదే: ఏ షెడ్యూలూ అంతకన్నా చవగ్గా రాదు. ఒక యూనిట్‌ను ఎంచుకుని ఆన్, ఆఫ్ అని రెండు కొమ్మలుగా చీల్చాలి. ఒక్కో కొమ్మకీ ఇలాంటి అడుగు హద్దు కట్టాలి. చేతిలో ఉన్న షెడ్యూల్ ఖర్చును ఆ హద్దే మించిపోతే, కొమ్మలోకి దిగకుండానే నరికేయాలి. అలా కోట్ల కలయికలు చాలావరకు చూడకుండానే పోతాయి.

ఆచరణకు రాని జవాబును అప్పట్నుంచి నేను షెడ్యూల్ పక్కనే రాసుకుంటున్నాను. ఎవరైనా 28 లక్షల్లో తేలుస్తామని వస్తే వాళ్ల కాగితాలు చూడనక్కర్లేదు. 30 లక్షలంటే మాత్రం కూర్చోబెట్టి, మూడో యూనిట్ ఎంత మీద నడుస్తోందని అడగాలి.