వెనక చక్రం ఎటు పోతది?

మా తమ్ముడు భూపాలపల్లిలో టిప్పర్ నడుపుతాడు. గోదావరి ఇసుక, అప్పుడప్పుడు బొగ్గు. పదకొండేళ్ల సర్వీసు. పోయిన ఎండాకాలం మానుకోట దగ్గర ఒక ట్రాన్స్‌పోర్టు యజమాని గ్రానైట్ బండలు మోసే ట్రైలర్ మీద పెట్టుకుంటానన్నాడు. జీతం మంచిదే. పిల్లల ఫీజుల కోసం జూన్‌లో చేబదుళ్లకు తిరిగే బాధ తప్పుతుంది. కానీ ఒక మెలిక పెట్టాడు. లైసెన్సు ఒక్కటే చాలదట. ఆయన దగ్గర ఏళ్ల తరబడి ట్రైలర్ నడిపిన పెద్ద డ్రైవర్ ఒకాయన ఉన్నాడు. ఆయన అడిగిన వాటికి జవాబులు చెప్పాలి. చెప్తేనే తాళంచెవి.

"అక్కా, నువ్వు టీచరమ్మవు గదా, నాతోని చదివియ్యి" అంటూ జనగామ వచ్చాడు తమ్ముడు.

ముందు కాగితాల సంగతి చూశాం. ట్రాన్స్‌పోర్టు బండి నడపాలంటే 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం 20 ఏళ్లు నిండాలి. దానికి లెర్నింగ్ తీసుకునేముందే కనీసం ఏడాదిపాటు కారు లాంటి తేలిక బండి లైసెన్సు ఉండాలి. 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్టు బండికి కారు లైసెన్సే చాలని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. ఆ పైన బరువున్న వాటికి విడిగా అనుమతి కావాలి. ఇక పెద్ద ట్రైలర్ అంటే, 2018లో కేంద్రం పెంచిన లెక్క ప్రకారం లోడుతో కలిపి 55 టన్నుల దాకా ఉండొచ్చు. కారు లైసెన్సుతో నడిపే పెద్ద బండికి ఏడింతల పైనే!

మరి అంత బండికి చదువుకోవడానికి ఏముంది? లెర్నింగ్ లైసెన్సు రాతపరీక్షలో అడిగేవి నాలుగు రకాలు. రోడ్డు గుర్తులు, ప్రమాదం జరిగితే డ్రైవర్ చేయాల్సినవి, కాపలా లేని రైల్వే గేటు దగ్గర జాగ్రత్తలు, వెంట ఉంచుకోవాల్సిన కాగితాలు. నూటికి 60 వస్తే పాస్. అన్నీ అవసరమైనవే. కానీ ముందొక ముక్క, వెనకొక ముక్కగా నడిచే బండి గురించి అందులో ఏమీ లేదు. అమెరికాలో ఇట్లాంటి బండ్లకు విడిగా రాతపరీక్ష ఉంది, నూటికి 80 రావాలి. మన దగ్గర ఆ పరీక్ష పుస్తకంలో లేదు, పెద్ద డ్రైవర్ల నోట్లో ఉంది.

అందుకే తమ్ముడు తనకు తెలిసిన ట్రైలర్ డ్రైవర్లకు ఫోన్లు కలిపాడు. వాళ్లు చెప్తుంటే నేను పిల్లల పాత నోటుబుక్కులో ప్రశ్నలు రాసుకున్నాను. వారం రోజుల్లో నలభై రెండు ప్రశ్నలయ్యాయి.

మొదటిది తగిలించడం. ముందు ఇంజిన్ బండి మీద గుండ్రటి పళ్లెం లాంటిది ఉంటుంది. దాన్ని ఫిఫ్త్ వీల్ అంటారు. ట్రైలర్ కింద ఉండే లావుపాటి ఇనుప గూటం కింగ్ పిన్. బండిని మెల్లగా వెనక్కి పోనిస్తే గూటం పళ్లెంలో దిగి లాక్ పడుతుంది. టక్కుమని చప్పుడు వినగానే అయిపోయిందనుకోవద్దు. ట్రైలర్ బ్రేకులు పట్టించి, బండిని కొంచెం ముందుకు లాగి చూడాలి. తర్వాత దిగి టార్చిలైటు వేసి కళ్లతో చూడాలి. పళ్లేనికీ ట్రైలర్‌కూ మధ్య సందు కనబడితే అది పట్టుకోనట్టే. అట్లాగే కాళ్లు ఎత్తేసి రోడ్డెక్కితే, ఏదో ఒక మూలమలుపులో ట్రైలర్ ఊడి ఎవరి మీద పడుతుందో దేవుడికే తెలియాలి.

రెండోది గాలి. వెనక బ్రేకులకు రెండు పైపులు పోతాయి. ఒక దాంట్లో ఎప్పుడూ గాలి నిండి ఉంటుంది, రెండో దాంట్లోకి బ్రేకు తొక్కినప్పుడు పోతుంది. మొదటి పైపు తెగితే ఏమవుతుంది? బ్రేకులు పోతాయని నేననుకున్నాను. "కాదక్కా, అవే పట్టేస్తయి. గాలి ఉంటేనే ఇడుస్తయి" అన్నాడు తమ్ముడు. ట్రైలర్ తెగిపోయినా ఎక్కడికో దొర్లిపోకుండా చేసిన ఏర్పాటట అది.

మూడోది వెనక్కి తీయడం. ట్రైలర్ తోక ఎడమకు పోవాలంటే స్టీరింగు ముందు కుడికి తిప్పాలి. ఇది మాత్రం మాకు తేలిగ్గా అర్థమైంది. పత్తి సీజన్లో మార్కెట్ యార్డులో ట్రాక్టరు ట్రాలీని వెనక్కి పెట్టే రైతును చూసినవాళ్లెవరికైనా అర్థమవుతుంది.

నా కళ్లు తెరిపించింది నాలుగోది. మలుపులో వెనక చక్రం ఎటు పోతుంది? ముందు చక్రం పోయిన దారినే పోతుందనుకుంటాం. పోదు. లోపలికి కోసుకుంటూ వస్తుంది. బండి పొడుగు పెరిగేకొద్దీ ఇంకా లోపలికి వస్తుంది. అందుకే ఎడమకు తిరగాల్సిన ట్రైలర్ ముందు కుడివైపుకు జరుగుతుంది. ఎడమ పక్క ఖాళీ కనబడుతుంది. దారి ఇచ్చాడనుకుని మనం స్కూటీ దూరుస్తాం. డ్రైవర్‌కు మనం కనబడం. వెనక నుంచి పన్నెండు, పద్నాలుగు టైర్లు మన మీదికి వస్తుంటాయి.

మానుకోటలో ఆ పెద్దాయన పరీక్ష గంటన్నర సాగిందట. నోటుబుక్కులోవే చాలా అడిగాడు. చివరికి మాత్రం మేం రాసుకోనిది అడిగాడు. "లాక్ సరిగ్గ పడలేదని నీకు అనుమానమొచ్చింది. లోడు లేటయితున్నదని సేటు ఫోన్ల మీద ఫోన్లు కొడుతున్నడు. ఏం జేస్తవ్?"

"బండి కదిలియ్యను. సేటును వచ్చి చూసుకోమంట" అన్నాడట తమ్ముడు.

"నౌకరీ పోతది గదా?"

"పోతే టిప్పర్ ఉన్నది పెద్దయ్యా."

ఆయన ఇంకేం అడగలేదట. ముందు నెల రోజులు తన పక్కన కూర్చోమన్నాడు. తమ్ముడు నడిపి చూపించే పరీక్ష పాసై, లైసెన్సులో ట్రైలర్ చేరాకే స్టీరింగు ఇచ్చాడు. మొదటి ట్రిప్పుకు ముందు తమ్ముడు కురవి వీరన్నకు కొబ్బరికాయ కొట్టి, ఆ తర్వాత దిగి లాక్ మరోసారి చూసుకున్నాడని మా మరదలు చెప్పింది.

ఆ నోటుబుక్కు ఇప్పుడు భూపాలపల్లిలో చేతులు మారుతోంది. చదవడం రానివాళ్లకు చదువుకున్నవాళ్లు వినిపిస్తున్నారట. తెలుగులో ఇట్లాంటి చిన్న పుస్తకమొకటి డ్రైవింగ్ స్కూలులో చేరిన ప్రతి ఒక్కరికీ ఇస్తే ఎంత ఖర్చవుతుంది? ఒక టైరు ఖరీదుకు ఎన్ని వస్తాయో లెక్కేస్తే ఆశ్చర్యపోతాం.

నేను రోజూ స్కూలుకు జనగామ చౌరస్తా మీదుగానే పోతాను. హైదరాబాద్, వరంగల్, సూర్యాపేట, సిద్దిపేట బండ్లన్నీ కలిసేది అక్కడే. ట్రైలర్ కుడికి జరిగి, ఎడమ పక్క చోటిచ్చినట్టు కనబడితే నేనిప్పుడు ఆగిపోతాను. వెనక నుంచి హారన్ కొడతారు. కొట్టనీ. ఆఖరి చక్రం తిరిగేదాకా కదలను.