తండ్రి ఆడిన అబద్ధము

కుమార్తెను అత్తవారింటికి పంపిన రాత్రి కన్నవారి యిల్లు ఎట్లుండునో మనలో పెక్కుమంది ఎరుగుదురు. వాడిన తోరణములు, చుట్టిపెట్టిన చాపలు, ఎవరును తినక మిగిలిన అరిసెలు. అట్టి రాత్రితో ముగియు జపాను చలనచిత్రము నొకదానిని ఇటీవల నా కుమార్తెతో గూడి ఇంటనే చూచితిని. దాని పేరు ‘బాన్షున్’, అనగా వసంతాంతము. యసుజిరో ఓజు దర్శకత్వమున 1949లో వెలువడినది. చూచి చాల దినములైనను దాని చివరి నిమిషము నన్ను విడువలేదు.

కథ స్వల్పము. టోక్యోకు చేరువనున్న కామకురా పట్టణమున సోమియా అను ఆచార్యుడు, భార్య గతించిన పిమ్మట, కుమార్తె నోరికోతో నివసించుచుండును. ఆమెకు 27 ఏండ్లు. ఇల్లు దిద్దుకొనుచు తండ్రిని కనిపెట్టుకొనియుండుటయే ఆమెకు సుఖము; వివాహమన్న మాట గిట్టదు. మేనత్త సంబంధము తెచ్చును. నేను వెళ్లిన మీకు దిక్కెవరని కుమార్తె యడుగగా, తాను మరల వివాహమాడబోవుచున్నట్లు తండ్రి నమ్మించును. నోరికో హృదయము విరిగిపోవును. తుదకు ఒప్పుకొనును.

ఇరువురును కడసారి క్యోటో నగరమునకు యాత్ర పోదురు. అచట ఆమె, ఇట్లే మీతో నుండనిండని బతిమాలుకొనును. సుఖము పెండ్లినాడే సిద్ధముగ నుండునది కాదనియు, ఆలుమగలు కాలక్రమమున కూర్చుకొనవలసినదనియు తండ్రి బోధించును. తన భార్యయు తొలినాళ్లలో వంటింట కన్నీరు పెట్టుకొనెడిదని చెప్పును.

వరుని ముఖము మనకు చూపరు. పెండ్లియు చూపరు. పెండ్లి దుస్తులలో ఆమె తండ్రికి నమస్కరించుట మాత్రమే చూతుము. ఆ రాత్రి తండ్రి ఆమె స్నేహితురాలితో, పునర్వివాహపు మాట అబద్ధమని ఒప్పుకొనును. పిదప ఒంటరిగ ఇల్లు చేరి, కుర్చీలో గూర్చుండి ఆపిలుపండు తొక్క తీయును. తొక్క జారును, చేతులు ఆగును, తల వంగును. వెంటనే సముద్రతరంగములు. అంతటితో సమాప్తము.

ఆయన యేడ్చెనా? అలసి కునికెనా? “నిద్ర తూగినాడమ్మా” అని నా కుమార్తె. కాదని నేను. ఓజు ఆ ఘట్టమున బిగ్గరగ నేడ్వుమని కోరగా, అది తనవల్ల కాదంటిననియు, అందుచే తల వంచుటతో సరిపుచ్చితిననియు ఆ పాత్రధారి చిషూ ర్యూ తరువాతి కాలమున చెప్పియున్నాడు. కన్నీరు కనబడియుండిన మనమును కంట తడిపెట్టి లేచిపోయెడివారము. కనబడనందున ఆ వంగిన తలను ఇంటికి తెచ్చుకొంటిమి.

నేనట్లే తెచ్చుకొంటిని. మా అమ్మ పోయిన మరుసటియేట నాకు వివాహమైనది. నేను తటపటాయించుచుండగా నాన్నగారు, “మీ మేనత్త వచ్చి నాకు వండిపెడతానన్నదమ్మా, నీకు దిగులెందుకు?” అనిరి. నమ్మితిని. తొలి సంక్రాంతికి పుట్టింటికి పోగా వంటింట ఒక కంచము, ఒక చెంబు మాత్రమే యున్నవి. అత్తయ్య యేదని యడిగితిని. “వస్తుందిలే” అనిరి. ఆమె రానేలేదు. మాట తప్పినదని ఆమెపై పగబట్టి, నాన్నగారు పోయిన తరువాతను ఏండ్ల తరబడి ముభావముగ నుంటిని.

చిత్రము చూచిన మరునాడు అత్తయ్యకు టెలిఫోను చేసితిని. ఆమెకిప్పుడు ఎనుబది దాటినవి. ఆ సంగతి యడుగగా కొంతసేపు పలుకలేదు. “నన్నెవరు పిలిచారే తల్లీ? పిలిస్తే రాకపోదునా?” అన్నది. క్షమింపుమని వేడుకొంటిని. నాకిన్నాళ్లకు తెలిసినది, మంచి మనసుతో ఆడిన అబద్ధమునకును వెల యుండుననియు, దానిని వేరొకరు చెల్లింతురనియు.

ఆ రాత్రి నా కుమార్తె మరియొక మాట యన్నది: “అబద్ధమాడి పంపేకన్న, నీకేమి కావాలని ఆమెనే అడగవచ్చు గదా?” నా వద్ద బదులు లేకపోయినది. నోరికోగా నటించిన సెత్సుకో హారాయే, 11 ఏండ్లకు, 1960లో ఓజు తీసిన ‘అకిబియోరి’ చిత్రమున వితంతువైన తల్లిగా కనబడును. అందు కుమార్తెకు వివాహము చేసి, చివర ఒంటరిగ మిగులునది ఆమెయే. నాటి కుమార్తెలమే నేడు ఆ కుర్చీలో కూర్చుండువారము.

నేనును ఒంటరిదాననే. నా కుమార్తెకును నోరికో వయస్సే. వచ్చిన సంబంధములకెల్ల నన్ను చూపి అడ్డు చెప్పుచున్నది. నా తోడునకు ఎవరో వత్తురని చెప్పుటకు నా నాలుక పలుమార్లు సిద్ధపడినది. మొన్న రాత్రి నిజమే చెప్పితిని: “నీవు వెళితే ఈ యిల్లు బోసిపోతుంది. నాకు కష్టమే. అయినా నా కోసం ఆగవద్దు. నా కోసం వెళ్లనూ వద్దు. నీకేది ఇష్టమో చెప్పు.”

ఆమె బదులు చెప్పలేదు. లేచియు పోలేదు. ఇద్దరమును చాలసేపు అట్లే కూర్చుంటిమి.