మూసిన కన్నులు

ఫిలిము కెమేరా కాలమున చుట్టకు 36 చిత్తరువులే. మా నాయనగారు లెక్క చూచుకొని తీయుచుండెడివారు. చుట్ట ముగిసి, పట్టణమునకంపి కడిగించువఱకు బొమ్మ కుదిరినదో లేదో యెవ్వరికిని దెలియదు. 1998వ సంవత్సరమున మా తమ్ముని యక్షరాభ్యాసమునాడు మా యమ్మను ఒంటిగా తీసినది యొక్కటే. అది చేతికి వచ్చునప్పటికి పదునైదు దినములైనది. చూడగా అమ్మ కన్నులు మూసికొని యున్నది! మరల తీయింత మనుకొనుచుండగనే, మఱుసటి యేట ఆమె మమ్ము విడిచిపోయెను. ఆ చిత్తరువే నేటికిని మా గోడమీద నున్నది.

ఇప్పటి డిజిటల్ కెమేరాలో ఫిలిమే లేదు. లోనున్న చిన్న బిళ్ల వెలుతురును గ్రహింపగా, యంత్రము దానిని అంకెలుగా మార్చి దాచును. తీసిన క్షణముననే తెరపై బొమ్మ కనబడును. 1975లో అమెరికాలో స్టీవెన్ సాసన్ గారు నిర్మించిన తొలి యంత్రమునకు ఒక్క బొమ్మను టేపుపై నెక్కించుటకే 23 సెకండ్లు పట్టెనట. మా యమ్మాయి ఆపాటికి ఇరువది తీయును! కడిగించు ఖర్చును లేదు. (బడిపంతులు గారి యింట ఇది చిన్న మాట కాదు.) ఆనాడీ సౌకర్యమే యున్నచో అమ్మ కన్నులు నాకు దక్కియుండెడివి.

మొన్న మా అత్తగారిని తీసి, "అమ్మా! నాయనమ్మ కన్నులు మూసినది, చెరిపివేసెదను" అని పిల్ల వ్రేలు చాచినది. నేను చేయి పట్టుకొంటిని.

"మంచిది మఱియొకటి తీయుము. దీనిని గూడ నుండనిమ్ము."

"ఎందులకమ్మా?" అనినది.

గోడవైపు చూపితిని.