కోటు వేడిని ఇస్తుందా?

పిల్లలూ, మాది భీమవరం. భోగిమంట వేసుకునే చలే మాకు పెద్ద చలి. ఉద్యోగం కోసం నేను అమెరికాలోని బోస్టన్ నగరానికి వచ్చాను. ఇక్కడ జనవరిలో ఉష్ణోగ్రత సున్న డిగ్రీల కిందికి దిగిపోతుంది. నది అంచున నీరు గడ్డకట్టి రాయిలా ఉంటుంది. చెవులు కోసుకుపోతాయి. తిరిగి ఇంటికి పోదామా అని ప్రతి రాత్రీ అనిపించేది.

ఒకనాడు పక్కింటి మామ్మగారు, "అబ్బాయీ, లావుపాటి కోటు ఒక్కటికన్న పలుచని ఉన్నిబట్టలు మూడు మేలు. ఒకదానిమీద ఒకటి తొడుక్కో" అన్నారు. అలా చేస్తే నిజంగానే వెచ్చగా ఉంది.

ఎందువల్ల? ఉన్నికి సొంత వేడి లేదు. వేడి మన ఒంటిది, సుమారు 37 డిగ్రీలు. బట్టల మధ్య చిక్కుకున్న గాలి కదలదు. కదలని గాలిగుండా వేడి సులభంగా పోలేదు. మన ఊళ్ళో ఐసుగడ్డను ఊకలో కప్పి ఉంచుతారు, చూశారా? ఊక చల్లనిదేమీ కాదు. దానిలో చిక్కిన గాలి బయటి వేడిని లోపలికి రానివ్వదు. ఉన్ని లోపలి వేడిని బయటికి పోనివ్వదు. రెండూ చేసే పని ఒక్కటే!

భీమవరంలోనే పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు సుమారు వందేళ్ళ క్రితం ఈ బోస్టన్‌కే వచ్చారు. చదువుకు డబ్బు చాలక ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పని చేశారు. 1925లో ఫిస్క్ అనే ఆచార్యుడితో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రకటించారు. నేటికీ దాన్ని ఆ ఇద్దరి పేరుతోనే పిలుస్తారు. అది తలచుకుని నేనూ ఉండిపోయాను. కోటు వేడిని కాపాడుతుంది, అంతే. వేడి మాత్రం మనిషిలోనే ఉండాలి.