క్లచ్చుతోపాటు ఫ్లైవీలు

కారున్న యింటి గృహిణికి ఎప్పుడో యొకనాడు ఈ ప్రశ్న యెదురగును: "క్లచ్చు ఎట్లును మార్చవలసినదే, ఫ్లైవీలునుగూడ మార్చుదుమా?" అది మగవారి వ్యవహారమని మన మూరకుండరాదు. వెచ్చించునది ఇంటి సొమ్మే గదా!

గత మార్గశిరమున మాకీ ప్రశ్న తటస్థించినది. మా డీజిలు కారునకు 10 ఏండ్లు. మా మామగారిని డయాలిసిసు చికిత్సకై వారమునకు 2 మారులు గుంటూరునకు తీసికొనిపోవలెను. వంతెన యెక్కునపుడు ఇంజను రొద పెరుగుచుండెనేగాని బండి వేగము పెరుగకుండెను. క్లచ్చు ప్లేటు అరిగినదని తేలినది.

ఫ్లైవీలనగా ఇంజను క్రాంకుషాఫ్టు చివర బిగించిన బరువైన చక్రము. కుమ్మరి సారె బరువుచేతనే గదా ఒకమారు త్రిప్పి విడిచినను తిరుగుచుండును. ఇదియు నట్లే ఇంజను కుదుపులను సరిదిద్ది సమముగా తిరుగునట్లు చేయును. క్లచ్చు ప్లేటు ఈ చక్రమునకును ప్రెషరు ప్లేటునకును నడుమ అదుముకొని యుండి ఇంజను బలమును గేరుబాక్సున కందించును. ప్లేటు జారుచున్నకొలది రాపిడిచే చక్రపు ముఖము వేడెక్కి నీలిమచ్చలు, గాడులు, ఒక్కొకప్పుడు బీటలు ఏర్పడును.

ఇవి రెండు విధములు. ఒకే ముద్దగా నుండునది మొదటిది. బీటలు లేక, పైపై గాడులు మాత్రమే యున్నచో, తయారుచేసినవారు నిర్ణయించిన మందము తగ్గకుండ మిషనుమీద నునుపు చేయించి మరల వాడుకొనవచ్చును. రెండవది జంట చక్రము. 1985 ప్రాంతమున జర్మనీ కార్లలో వాడుకకు వచ్చినది. రెండు చక్రముల నడుమ స్ప్రింగులుండి కుదుపులను మ్రింగును. అవి యలసినచో ఇంజను ఆపునప్పుడు గలగల శబ్దమును, బండి కదలునప్పుడు వణకును కలుగవచ్చును. స్ప్రింగులు చెడిన జంట చక్రమును నునుపు చేయించి ప్రయోజనము లేదు. దాని వెలయో తరచుగా క్లచ్చు సెట్టు వెలను మించును.

మాది జంట చక్రమే. "మార్చుటయే మంచిదమ్మా" అని మెకానిక్కు చెప్పెను. "పాతదే బిగించమనుడు, వదినా" అని మా మరిది వాదించెను. చేతనున్న సొమ్ము వసారా కప్పు బాగుచేయించుటకై కూడబెట్టినది. మేము ఇరువురి మాటయు వెంటనే యొప్పుకొనక, గేరుబాక్సు దింపినపిదప మా యెదుటనే చక్రమును కొలిచి చూపుమని కోరితిమి.

వెళ్లి చూచితిమి. బీటలు లేవు, నూనె కారిన జాడయు లేదు. అటునిటు త్రిప్పినపుడు ఎంత వదులున్నదో, పట్టి కదిపినపుడు ఎంత ఊగుచున్నదో కొలిచి, తయారుచేసినవారి పట్టికతో సరిచూపెను. హద్దు దాటలేదు, కాని అంచునకు వచ్చియున్నది.

గేరుబాక్సు దింపి యెక్కించు కూలియు ఈ పనిలో ఒక పద్దు. ఏడాదిలో చక్రము చెడినచో ఆ కూలి మరల ఇచ్చుకొనవలెను. బండి నాలుగు దినములు నిలిచిపోయినను ఇబ్బంది లేని సంసారమైనచో మేము పాతదానినే యుంచుకొని యుందుము. కాని మామగారి చికిత్స నాలుగు దినములు ఆగునది కాదు. కొత్త చక్రము వేయించితిమి. రిలీజు బేరింగునుగూడ అప్పుడే మార్పించితిమి. బిల్లుతోపాటు పాత సామానును అడిగి తెచ్చుకొంటిమి. వసారా పని వేసవికి జరిగినది. సంక్రాంతికి వచ్చిన మా ఆడుబిడ్డ ఆ కప్పు వంక చూచి ఏమనుకొన్నదో మేమడుగలేదు.

సోదరీమణులారా! మీకును ఈ ప్రశ్న వచ్చినచో, మీ బండిలో నున్నది ఏ విధమైన చక్రమో, కొలత హద్దులో నున్నదో లేదో, మరల విప్పవలసివచ్చిన కూలి యెంతయో ముందుగా అడుగుడు. ఇంకను ఎన్నేండ్లు ఆ బండిని ఉంచుకొందురో, అది నిలిచిన దినమున మీ యింట ఎవరికి కష్టము కలుగునో మాత్రము మెకానిక్కు చెప్పలేడు. అది మీరే లెక్కించుకొనవలెను.