ఎక్కడ ఆగింది?

నా తమ్ముడికి విజయవాడ ఆటోనగర్‌లో చిన్న లేతు షెడ్డు ఉంది. నేను ప్రబంధ సాహిత్యంపై పరిశోధన సాగిస్తున్న రోజుల్లోనే అతడు ఐటిఐ ముగించి ఇనుముతో, ఇత్తడితో సహవాసం ప్రారంభించాడు. అతనిది చేతిపని, నాది విద్య అన్న అభిప్రాయం చాలాకాలం నాలో ఉండేదని ఒప్పుకోవాలి. అది సడలినది ఒక సంక్రాంతి ముందు రాత్రి.

ఇద్దరం కలిసి ఊరికి బయలుదేరుదామని షెడ్డుకు వెళ్లాను. తెల్లవారేసరికి అతడు 200 అర్ధంగుళం ఇత్తడి సాకెట్లు అప్పగించవలసి ఉంది. ఆ ‘అర్ధంగుళం’ అన్న మాటకే నేను మొదట మోసపోయాను. ఆ గొట్టపు మరల బయటి వ్యాసం దాదాపు 21 మిల్లీమీటర్లు; అందులో అర్ధంగుళం ఎక్కడా లేదు. పూర్వం గొట్టాన్ని దాని లోపలి రంధ్రాన్నిబట్టి పిలిచేవారు. కాలక్రమాన కొలతలు మారాయి, పేరు నిలిచిపోయింది. అర్థవిపరిణామానికి ఇంత చక్కని ఉదాహరణను నేను తరగతిలో ఏనాడూ చెప్పలేదు.

తిన్నని రంధ్రాన్ని పరీక్షించే ప్లగ్ గేజికి రెండు కొనలుంటాయి. ఒకటి లోపలికి పోవాలి, రెండవది పోకూడదు. నీటి గొట్టాలకు వాడే ఈ మరలు అలా కాదు. బిగించేకొద్దీ సందు మూసుకుపోవాలి గనుక అవి లోపలికి పోనుపోను సన్నబడతాయి. 16 మిల్లీమీటర్ల పొడవుకు వ్యాసం 1 మిల్లీమీటరు తగ్గుతుంది. అటువంటి రంధ్రంలో అదే వాలు గల గేజి ఎప్పుడూ కొంత దూరం పోతుంది, ఎక్కడో ఒకచోట ఆగుతుంది. ఎక్కడ ఆగిందన్నదే ప్రశ్న. గేజి లావు కొన వద్ద ఒక మెట్టు చెక్కి ఉంటుంది. సాకెట్టు ముఖం ఆ మెట్టు రెండు అంచుల నడుమ నిలవాలి. లోపలి అంచు బయటే ఉండిపోతే రంధ్రం చిన్నది. బయటి అంచు సైతం మునిగితే పెద్దది. ఆ రెండంచుల ఎడం రెండున్నర చుట్లు, అంటే సుమారు నాలుగున్నర మిల్లీమీటర్లు.

తమ్ముడు సాకెట్టులోని పొట్టు ఊది, గుడ్డతో తుడిచి, గేజిని వేళ్లతోనే తిప్పాడు. లోపలి అంచు ఇంకా ఒక చుట్టు బయటే ఉంది. తరువాతిదీ అంతే. ట్యాపు దిగే లోతును నిలిపే స్టాపరు మధ్యలో జారిందట. సర్దబోయిన కుర్రవాడు కొన్నింటిని మరీ లోతుగా కోశాడట.

“టేపు చుడతారు కదరా, ఆ మాత్రానికి నీరు కారుతుందా?” అన్నాను.

“టేపు సందు నింపుతుంది గానీ లేని మరలను పుట్టించదన్నయ్యా. రెండు చుట్లకే గొట్టం పట్టేస్తుంది. ప్లంబరు పానా వేసి బలవంతం చేస్తాడు. సాకెట్టు చిట్లేది గోడలోపల, పైన పలకలు అతికించాక.”

ఆఖరి బస్సు ఆశ వదులుకొని నేనూ కూర్చున్నాను. చిన్న రంధ్రానికి విమోచనం ఉంది. ట్యాపును మరికొంత దింపితే చాలు. పెద్దదానికి లేదు, తీసిన లోహం తిరిగి రాదు. అతడు కోస్తుంటే నేను గేజి చూశాను. ఒకచోట అది బిగుసుకుంటే నా బలమంతా పెట్టబోయాను. తమ్ముడు చటుక్కున చేయి పట్టుకున్నాడు.

“అది కొలిచేది అన్నయ్యా, కోసేది కాదు. అరిగితే రేపటి నుంచి అబద్ధం చెబుతుంది.”

రెండు దాటాక పని ముగిసింది. పెద్దవిగా తేలినవి ఎనిమిది. అతడు ఎందుకో నేను మంచివని పెట్టిన కుప్పలో చేయిపెట్టి మళ్లీ చూడసాగాడు. ఒకదానిలో గేజి బయటి అంచు కొద్దిగా మునిగింది. అది నాకు గుర్తుంది, అప్పుడూ మునిగింది. నిద్రమత్తులో, ఇంత తేడా ఎవరు చూస్తారులే అని పక్కన పెట్టాను.

తమ్ముడు నావైపు చూడలేదు. దాన్ని తుక్కు డబ్బాలో వేసి, బిల్లు మీద 200 కొట్టివేసి 191 అని రాశాడు.