రెండు ఫేసుల మీద తిరిగిన లేతు

మా పల్నాడులో పొలం మోటారున్న ప్రతివాడికీ త్రీఫేస్ టైము నోటికి వచ్చు. సింగిల్ ఫేస్ ఉన్నంతసేపు ఇంట్లో బల్బు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, బోరు మాత్రం లేవదు. అది చూస్తూ పెరిగిన నేను, త్రీఫేస్ అంటే కరెంటు ఎక్కువగా రావడం అనుకున్నాను. ఒక వైరులో వచ్చేది మూడు వైర్లలో వస్తోంది, అంతే. అందులో ఒకటి పోయినా రెండు వంతులు మిగులుతుంది కదా అని ధైర్యం. గురజాలలో లేతు షెడ్డు పెట్టినప్పుడు ఆ ధైర్యమే నన్ను ముంచింది.

లేతు సెకండ్‌హ్యాండుది. మోటారు 3 హెచ్‌పీ, నేమ్‌ప్లేటు మీద 415 వోల్టులు, 5 ఆంపియర్లు. రెండు వైర్లు అటుదిటు మారిస్తే మోటారు ఎదురు తిరుగుతుందని తెలుసు, ఎన్నోసార్లు మార్చాను కూడా. ఎందుకు తిరుగుతుందని ఒక్కసారైనా ఆలోచించలేదు. ఆలోచిస్తే సగం సంగతి అప్పుడే తెలిసేది.

బోరు షాఫ్టులకు లోతు కటింగ్ పెట్టినప్పుడల్లా స్టార్టరు ట్రిప్పయ్యేది. ఊళ్లో పంపుల సీజను, బయట రైతులు కూర్చుని ఉన్నారు. విసుగొచ్చి స్టార్టరులోని ఓవర్‌లోడ్ రిలే ముల్లును 5 ఆంపియర్ల దగ్గర్నుంచి చివరికంటా తిప్పేశాను. ట్రిప్పు ఆగింది. సమస్య తీరిందనుకున్నాను. మీరైనా బహుశా అదే అనుకునేవాళ్లు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం పని మధ్యలో లేతు శబ్దం మారింది. ఆగలేదు, వేగం కూడా పెద్దగా తగ్గలేదు, గొంతు బరువెక్కి మూలుగుతున్నట్టు తిరుగుతోంది. అనుమానమొచ్చి, లేతు నడుస్తుండగానే స్టార్టరు కింది వైపు టెస్టరు పెట్టి చూశాను. మూడింటిలోనూ వెలిగింది. కరెంటుకు ఢోకా లేదు, బేరింగు పోయుంటుందిలే, ఈ షాఫ్టు అయ్యాక చూద్దామనుకున్నాను. షాఫ్టు అవలేదు. ముందు వార్నిష్ మాడిన వాసన, వెనకే పొగ.

మోటారు నరసరావుపేటలో వైండింగ్ చేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. కవరు విప్పి, స్టేటరును వెలుతురులోకి తిప్పి, నన్ను వంగి చూడమన్నాడు. ఒక సెట్టు కాయిల్స్ మాడి బొగ్గయ్యాయి. వాటి పక్కనే మిగతా రెండు సెట్లు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. "చూశావా అబ్బాయ్, ఒక ఫీజు పోయిన మోటారు ఇట్లా కాలుద్ది. లోడెక్కువై కాలితే మూడూ మాడేయి," అన్నాడు. టెస్టరు మూడింటిలో వెలిగింది బాబాయ్ అన్నాను. "మోటారు తగిలించి ఉండగా చూశావు. మిగతా రెండిట్లోంచి వైండింగు గుండా వెనక్కి వచ్చిన కరెంటది," అన్నాడు.

ఆ మాట విన్నాక చాలాసేపు ఆ మెరిసే కాయిల్స్ వంకే చూస్తుండిపోయాను. మూడింటికీ ఒకే మోటారు, ఒకే పని, ఒకే మధ్యాహ్నం. ఒకటే కాలింది. మూడు వంతుల్లో ఒక వంతు తగ్గడమే అయితే ఇలా కాలకూడదు. నేను అనుకున్నదాంట్లో మొదలే తప్పు.

షెడ్డుకొచ్చి చూస్తే బోర్డులో ఒక ఫీజు ఎగిరి ఉంది.

మూడు ఫేసులు ఒకేసారి పొంగవు. సెకనుకు 50 సార్లు ఊగే కరెంటు, మూడు వైర్లలో ఒకదాని వెనక ఒకటి, చుట్టులో మూడో వంతు ఎడంతో వస్తుంది. మోటారులో కాయిల్స్ కూడా అదే వరసలో ఉంటాయి కాబట్టి అయస్కాంత క్షేత్రం తనంతట తాను గుండ్రంగా తిరుగుతుంది, రోటరు దాని వెంట పోతుంది. రెండు వైర్లు మారిస్తే వరస తిరగబడుతుంది, లేతు ఎదురు తిరుగుతుంది. 1889లో డొలివో-డొబ్రొవొల్‌స్కీ చేసిన త్రీఫేస్ మోటారు నుంచి నా లేతు దాకా ఇదే సూత్రం. కరెంటు పుట్టే చోటా అంతే: మాచర్ల అవతల నాగార్జునసాగర్ కుడికాలువ మీద 30 మెగావాట్ల జనరేటర్ యూనిట్లు మూడున్నాయి. ఒక్కొక్కదానిలోనూ కాయిల్స్ మూడు సెట్లుగానే ఉంటాయి.

సింగిల్ ఫేస్‌లో క్షేత్రం ఉయ్యాలలా ముందుకూ వెనక్కూ ఊగుతుంది, తిరగదు. అందుకే ఫ్యానుకు కెపాసిటర్ పెడతారు. కానీ అప్పటికే తిరుగుతున్న మోటారుకు ఒక ఫేస్ పోతే అది ఆగదు, అదే ప్రమాదం. అదే లోడును రెండు వైర్ల మీద లాగాలి గనుక 5 ఆంపియర్లు 8 దాటిపోతాయి. నా మోటారు డెల్టా, అంటే మూడు సెట్లూ త్రికోణంలా కలిపి ఉంటాయి. అందులో ఆ రెండు వైర్ల మధ్య నేరుగా ఉన్న సెట్టుకు మామూలుకు రెట్టింపు కరెంటు, నాలుగింతల వేడి. మిగతా రెండు సెట్లకు ఎప్పటిలాగే. రిలేను 5 దగ్గరే ఉంచి ఉంటే మోటారు మాడకముందే ఆపేసేది.

ఇప్పుడు నా స్టార్టర్లన్నిటికీ, ఒక ఫేస్ పోగానే మోటారును ఆపేసే సింగిల్ ఫేస్ ప్రివెంటర్ ఉంది. మోటారు శబ్దం మారితే టెస్టరు జోలికి పోను, క్లాంప్ మీటరుతో మూడు వైర్లలో ఆంపియర్లు విడివిడిగా చూస్తాను. ఫేస్ పోయిన వైరులో మీటరు సున్నా చూపిస్తుంది.

కొత్తగా షెడ్డు పెట్టే పిల్లలు ఫోన్ చేస్తుంటారు. "అన్నా, ఇంటి సింగిల్ ఫేస్ మీద డ్రైవ్ పెట్టి త్రీఫేస్ మోటారు తిప్పొచ్చా?" అని. చిన్న డ్రైవ్ ఇచ్చేది మూడు ఫేసులే గానీ, వోల్టేజి 230 దగ్గరే. 2 హెచ్‌పీ దాకా మోటార్లు మామూలుగా 415కు స్టార్‌లో, అంటే మూడు సెట్ల ఒక్కో కొసా ఒకచోట కలిపి ఉంటాయి. ఆరు కొసలూ బయటికొచ్చి ఉంటే డెల్టాకు మార్చి 230 మీద తిప్పుకోవచ్చు. 3 హెచ్‌పీ నుంచి 415కే డెల్టాలో ఉంటాయి, మార్చడానికి ఇంకేం మిగలదు. అందుకని ముందు నేమ్‌ప్లేటు ఫోటో పంపమంటాను. కనపడట్లేదన్నా అంటే, గుడ్డతో గ్రీజు తుడిచి మళ్లీ తీయమంటాను.